ఆడవాళ్ల అంగి

నిజామాబాద్, కంఠేశ్వర్
జూన్ 9, 2024

అత్తమ్మా,

దండాలు. నీ మేనకోడలు సింధూజ ఉత్తరం రాయడమేమిటని ఆశ్చర్యపోకు. ఫోన్ చేస్తే నీకు సగమే వినబడుతుంది, వినబడని సగాన్ని నువ్వే ఊహించుకుంటావు. పోయినసారి నాకు జీతం పెరిగిందంటే జ్వరం పెరిగిందనుకుని బాపుకు ఫోన్ చేయించి ఏడ్చావు. నీ తమ్ముడు ఆ రాత్రే మందుబిళ్లలు పట్టుకుని ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. అందుకే ఈ కాగితం.

పెరిగిన ఆ జీతాన్నే ఇప్పుడు వదిలేశాను. రెడీమేడ్ షాపులో ఉద్యోగం మానేశాను. బాపు ముఖం మాడ్చుకుని తిరుగుతున్నాడు. నువ్వన్నా పూర్తిగా చదివాక తిట్టు.

పోయిన యాసంగిలో నీ దగ్గరికి వర్నికి వచ్చినప్పుడు భీమవ్వ గుంపు మన పొలంలో నాటు వేస్తుంటే గట్టు మీద కూర్చుని చూశాను. అందరూ చీర మీద మగవాళ్ల పాత అంగీలే తొడుక్కున్నారు. ఒక్కరి భుజం కుట్టు కూడా భుజం మీద లేదు. చేతులు మడిచి మడిచి పైకి తోస్తారు, అవి జారి బురదలో పడతాయి, మళ్లీ తోస్తారు. చంటిపిల్లల సాక్సులకు కూడా కంపెనీలు కొలతలు తీస్తాయి కదా, మరి పొలంలో పనిచేసే ఆడమనిషి కొలతకు ఒక అంగి కుట్టాలని ఇన్నేళ్లుగా ఎవరికీ ఎందుకు తోచలేదు? చాలా రోజులు ఆలోచించాను. జవాబు దొరకలేదు కానీ, నాకైనా తోచింది కదా అనిపించి ఆలోచన ఆపి పని మొదలుపెట్టాను.

నా బ్రాండ్ పేరు కూడా 'అంగి' అనే పెట్టాను. షాపులో నాతో పనిచేసిన సవిత కుడుతుంది, వాళ్ల ఇంట్లో మిషన్లు ఉన్నాయి. ఛాతీ, నడుము ఆడవాళ్ల కొలతకు ఉంటాయి. వరి ఆకు, చెరుకు ఆకు గీరకుండా చేతులు మణికట్టు దాకా, అక్కడ ఎలాస్టిక్. వీపు మీద గాలి ఆడేందుకు చీలిక. ముదురు ఆకుపచ్చ ఒకటి, కనకాంబరం రంగు ఒకటి.

ఈ ఉత్తరంతోపాటు బస్సులో మూట పంపుతున్నాను. భీమవ్వకు, ఆమె గుంపులో అందరికీ ఒక్కొక్కటి ఇవ్వు. ఊరికే, నా తరఫున. ఎలా ఉన్నాయో రాయి. బాగుంటాయని నాకు తెలుసులే, అయినా రాయి.

నీ
సింధూజ


వర్ని
జూన్ 21, 2024

చిరంజీవి సింధూజకు,

అత్త దీవెనలు. ఇక్కడ నేనూ, బర్రే, కొత్త ఆవకాయా క్షేమంగా ఉన్నాం. మోకాలి సంగతి అడగకు.

పూర్తిగా చదివే తిడుతున్నాను. నెల జీతం వదులుకునే ముందు ఒక్క మాట అడగాల్సింది. నన్ను కాదు, మీ బాపును. అడిగితే వద్దంటాడని అడగలేదు, అంతేనా? చిన్నప్పుడూ ఇంతే నువ్వు. పంతులు లెక్క చెప్పడం ముగియకముందే జవాబు చెప్పేదానివి. ఒక్కోసారి అది సరైన జవాబే అయ్యేది, అందుకే ఆ గుణం పోలేదు.

మూట చేరింది. నా ఇంటి ముందర పెళ్లివారిల్లంత సందడి. భీమవ్వ ఆకుపచ్చది తొడుక్కుని అరుగు మీద అటూ ఇటూ నడిచింది. గుంపులోని ఆడవాళ్లు నవ్వీ నవ్వీ అలసిపోయారు. "బోధన్ దాంక బోయినా గింత మంచి బట్ట దొరకది" అని అందరిదీ ఒకే మాట. ఇదంతా నాకు భీమవ్వే చెప్పింది. ఎవరేమన్నా ఆమె నా చెవి దగ్గరికి వచ్చి గట్టిగా ఒకసారి, చేతులతో ఒకసారి చెబుతుంది. నా చెవులు పోయినప్పటి నుంచి ఊరు నాకు ఆమె గొంతులోనే వినబడుతోంది. సాయంత్రం ఆమె రాని రోజున నాకు అన్నం కూడా సయించదు.

భీమవ్వకు ఒక అనుమానం వచ్చింది, నాకూ వచ్చింది. మగవాళ్ల అంగీకి గుండీలు కుడివైపు ఉంటాయి. నీవాటికి ఎడమవైపు ఉన్నాయి. చేయి అలవాటు కొద్దీ పోతే అక్కడ కాజా తగులుతోంది. ఎందుకట్లా? సవిత తిరగేసి కుట్టిందా?

కాలువలో నీళ్లు ఇంకా రాలేదు. నిజాంసాగర్ నుంచి వదిలారని ఒకరు, వదల్లేదని ఒకరు. నారుమడి మాత్రం బోరు కింద పోశాను.

ఆశీస్సులతో
అత్త


నిజామాబాద్
జూలై 7, 2024

అత్తమ్మా,

నీ ఉత్తరం సవితకు చదివి వినిపిస్తే మిషన్ ఆపి చప్పట్లు కొట్టింది. 'పెళ్లివారిల్లంత సందడి' అన్న మాటను కత్తిరించి గోడకు అంటించుకుంది.

గుండీల సంగతి. తిరగేసి కుట్టలేదు, ఆడవాళ్ల అంగీలకు గుండీలు ఎడమవైపే ఉంటాయి. ఎందుకని నువ్వు అడిగేదాకా నాకూ అనుమానం రాలేదు. పాత షాపులో కటింగ్ మాస్టర్‌ను అడిగితే ప్యాటర్న్ అట్లాగే వస్తుందన్నాడు. ఇంటర్నెట్‌లో వెతికాను. ఎక్కడో రాణులకు దాసీలు గుండీలు పెట్టేవారట, ఎదురుగా నిలబడ్డ దాసీ కుడిచేతికి వీలుగా అట్లా కుట్టేవారట. అది కూడా నిజమో కాదో ఎవరూ గట్టిగా చెప్పడం లేదు. భీమవ్వకు ఏ దాసీ గుండీలు పెడుతుందని నవ్వుకున్నాను. అయినా పద్ధతి పద్ధతే కదా, మార్చలేదు.

పోయిన ఆదివారం నేను ఊరికి వచ్చినప్పుడు నువ్వు బాన్సువాడ ఆస్పత్రికి వెళ్లావు, నిన్ను చూడలేకపోయాను. భీమవ్వను ఆకుపచ్చ అంగీలో నాటు మడి పక్కన నిలబెట్టి ఫొటో తీసుకున్నాను. చేతిలో నారు కట్ట, వెనక నీళ్లు. అంత మంచి ఫొటో నేను ఇంతవరకూ తీయలేదు.

ఇప్పుడు నాకు తెలియాల్సింది రెండే సంగతులు. ఏ అంగి అయినా చినిగిందా? ఏదైనా రంగు దిగిందా? ఉన్నది ఉన్నట్టు రాయి, మొహమాటపడకు.

మోకాలికి డాక్టర్ ఏమన్నాడు?

సింధూజ


వర్ని
ఆగస్టు 2, 2024

చిరంజీవి సింధూజకు,

మోకాలికి డాక్టర్ నడవమన్నాడు, కాంపౌండర్ నడవొద్దన్నాడు. మధ్యలో కూర్చున్నాను.

నీళ్లు వచ్చాయి, నాట్లు అయిపోయాయి. కలుపు మొదలైంది. వానలు బాగానే ఉన్నాయి. బర్రె ఈనింది, దున్న పుట్టింది.

నువ్వు అడిగినవాటికి జవాబు. ఇచ్చిన అంగీల్లో ఒక్కటి కూడా చినగలేదు. ఎవరిదీ రంగు దిగలేదు. గుండీ ఊడలేదు, ఎలాస్టిక్ సాగలేదు. భీమవ్వ అయితే దాన్ని ఎంత భద్రంగా చూసుకుంటోందో చెప్పలేను. కొత్తది కొత్తగానే ఉంది.

మొహమాటపడకుండా ఉన్నది ఉన్నట్టే రాశాను. ఇంకేమైనా అడగాలనుకుంటే అడుగు. మీ బాపు మాట్లాడుతున్నాడా? వాడికి బెల్లం గారెలు పంపుతున్నాను, నువ్వే చేశావని చెప్పు.

అత్త


నిజామాబాద్
సెప్టెంబర్ 15, 2024

అత్తమ్మా,

గారెలు పనిచేశాయి. బాపు మాట్లాడుతున్నాడు. ఇప్పుడు మాట్లాడకుండా ఉంటేనే బాగుండుననిపిస్తోంది.

నీ ఉత్తరం అందిన రోజే నాకు ధైర్యం వచ్చింది. నాట్ల కాలమంతా బురదలో తిరిగినా ఒక్క అంగి చినగలేదంటే, రంగు దిగలేదంటే, ఇక దేనికి ఆగాలి? తాను మీద తాను బట్ట తెప్పించాను. సవిత ఇద్దరు కుట్టేవాళ్లను పెట్టుకుంది. బోధన్ బస్టాండు ఎదురుగా పెద్ద ఫ్లెక్సీ కట్టించాను. దాని మీద భీమవ్వ ఫొటో, కింద పెద్ద అక్షరాల్లో 'నాటు వేసే తల్లి మెచ్చిన అంగి. చినగదు, వెలవదు' అని రాయించాను. దాని కిందే స్టాలు పెట్టాం. బోధన్ అయితే వరి వాళ్లూ వస్తారు, చెరుకు వాళ్లూ వస్తారు అనుకున్నాను.

వచ్చారు అత్తమ్మా. రాలేదని కాదు. గుంపులు గుంపులుగా వచ్చారు. బట్టను వేళ్ల మధ్య నలిపి చూశారు, చీలికలో చేయి దూర్చి చూశారు. మరాఠీ మాట్లాడే ఆడవాళ్లు కూడా ఆగి చూశారు. మంచిగుంది మంచిగుంది అన్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకుని బస్సెక్కారు. ఒకామె కొనబోయింది, నేను కవరు కూడా తీశాను. తీరా, కాలేజీకి పోయే కూతురికి ప్యాంటు మీదికి బాగుంటుందా అని అడిగింది. పొలం పనికని చెబితే చేతిలోది కింద పెట్టి వెళ్లిపోయింది.

ధర ఎక్కువేమోనని తగ్గించాను. అయినా అంతే. మంచి చేయబోతే అర్థం చేసుకునే తెలివి మన ఆడవాళ్లకు లేదు. వాళ్లకు ఆ చిరుగుల అంగీలే కావాలి. కోపంతో రాస్తున్నానని నాకు తెలుసు. రోజంతా నిలబడి ఒక్కటి కూడా అమ్మకుండా మడతపెట్టుకుని ఇంటికి రావడం ఎట్లా ఉంటుందో నీకు తెలియదు.

ఒక సాయం చేయి. భీమవ్వను ఒకసారి బోధన్‌కు పంపు. స్టాలు దగ్గర నిలబడి తన నోటితో నాలుగు మాటలు చెబితే చాలు. ఆమె మాటైతే నమ్ముతారు.

సింధూజ


వర్ని
సెప్టెంబర్ 29, 2024

సింధూజా,

భీమవ్వ బోధన్ రాదు. మా ఇంటికీ రావడం లేదు.

నీ ఉత్తరం రావడానికి ముందు రోజు ఆమె వచ్చి అరుగు కింద నిలబడి అరిచింది. అరుగు ఎక్కలేదు. గట్టిగా అరిచింది కాబట్టి ఒకరు చెప్పాల్సిన పని లేకుండా నాకు మొత్తం వినబడింది. "ఫొటో దీస్తనంటే సరే అన్న. బస్టాండుల కడ్తనని చెప్పిందా అక్కా నీ మ్యానగోడలు?" అన్నది. నాకు ఫ్లెక్సీ సంగతే తెలియదు. తెలియదంటే నమ్మలేదు.

ఆమె కొడుకు రంజిత్ బోధన్ బస్టాండు ఎదురుగా సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తాడు. నువ్వెప్పుడూ చూసి ఉండవు. పొద్దున షట్టరు ఎత్తితే ఎదురుగా వాళ్లమ్మ బొమ్మ, చేతిలో నారు కట్ట. వాడు ఊరికి రావడం మానేశాడట. ఫోన్ చేస్తే పని ఉందంటాడట. తల్లి కూలికి పోతుందని నలుగురిలో తెలిసి కొడుకు తలెత్తుకోలేకపోతున్నాడని భీమవ్వ కుమిలిపోతోంది. వాడిని చదివించడానికే ఆమె కూలికి పోయింది కదా.

ఇంకో సంగతి. నాట్ల కాలమంతా బురదలో తిరిగినా చినగలేదని నువ్వు రాసుకున్నావు. నేను అట్లా రాయలేదు. చినిగిందా అని అడిగావు, చినగలేదన్నాను. రంగు దిగిందా అని అడిగావు, దిగలేదన్నాను. వేసుకున్నారా అని నువ్వు అడగలేదు. నీ ఫొటోకు నిలబడ్డప్పుడు తప్ప ఒక్కరు కూడా ఒక్క రోజు కూడా పొలానికి వేసుకోలేదు. అందరి పెట్టెల్లోనూ మడత నలగకుండా ఉన్నాయి. నువ్వు ఇంకొక్క మాట అడుగుతావేమోనని, అడిగితే చెబుదామని అనుకున్నాను. నువ్వు ఫ్లెక్సీ కట్టావు.

ఎందుకు వేసుకోలేదో నాకూ తెలియదు. తెలుసుకోవాలని నాకూ ఉంది. ఇప్పుడు అడగడానికి భీమవ్వ లేదు. సాయంత్రాలు గోడను చూస్తూ కూర్చుంటున్నాను. ఊళ్లో ఏం జరుగుతోందో ఒక్క ముక్క తెలియడం లేదు.

అత్త


నిజామాబాద్
అక్టోబర్ 4, 2024

అత్తమ్మా,

నువ్వు ఒక్క ముక్క ముందే రాసి ఉంటే నేను అంత బట్ట తెచ్చేదాన్ని కాదు. ఫ్లెక్సీ కట్టేదాన్ని కాదు. ఇప్పుడు ఇల్లంతా అంగీలే. మంచం కింద అంగీలు, బీరువా మీద అంగీలు. బాపు కూర్చోవడానికి చోటు లేక గుమ్మంలో కూర్చుంటున్నాడు. అడిగిందానికే జవాబు చెప్పాలని నీకు కోర్టువాళ్లు చెప్పారా?

భీమవ్వ ఫొటో ఎంత బాగా వచ్చిందో ఆమెకు తెలుసా? కష్టం చేసుకుని బతకడం సిగ్గుపడే పనా? నేను ఆమెను గొప్పగానే చూపించాను. ఆమె కొడుకు సిగ్గుపడితే అది వాడి గుణం, నా తప్పు కాదు.

నాకు ఇంకేం రాయబుద్ధి కావడం లేదు.

సింధూజ


వర్ని
అక్టోబర్ 16, 2024

సింధూజా,

తిట్టు, పడతాను. నీకు నొప్పి కలగకూడదని మెత్తగా రాశాను. ఆ మెత్తదనమే నిన్ను ముంచింది. మేనత్తనయ్యాక అంత మొహమాటం పనికిరాదని ఇప్పుడు తెలిసింది.

ఇప్పుడు మొహమాటం లేకుండా రాస్తున్నాను. నీ అంగి మంచిది. నీ కష్టం నిజమైనది. నీ గుణం మాత్రం జవాబు ముందు, లెక్క తరువాత. కొడుకు సిగ్గుపడ్డాడని రాసింది నేను, నాకు చెప్పింది భీమవ్వ. వాడిని ఎవరైనా అడిగారా? ఆమె అడగలేదు, నేను అడగలేదు, నువ్వు మాత్రం వాడి గుణం ఏమిటో తేల్చేశావు.

బ్రాండ్ పోతే ఇంకొకటి పెట్టుకుంటావు. నాకు ఇంకో భీమవ్వ దొరకదు బిడ్డా. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకో.

కోతలు మొదలయ్యాయి. మిషన్‌తోనే కోయిస్తున్నాను. దాని చప్పుడు మాత్రం బాగా వినబడుతోంది.

అత్త


నిజామాబాద్
డిసెంబర్ 30, 2024

అత్తమ్మా,

రెండు నెలలు దాటింది నీకు రాసి. కోపం దసరా వెళ్లేసరికే పోయింది. తరువాత ఆగింది సిగ్గుతో.

ఫ్లెక్సీ తీసేయించాను. నేనే వెళ్లి దగ్గరుండి విప్పించాను. చుట్ట చుట్టి ఆటోలో వేసుకుంటుంటే దుకాణంలోంచి ఒక పిల్లవాడు వచ్చి ఒక చివర పట్టుకున్నాడు. రంజిత్. కళ్లు చూసి పోల్చుకున్నాను, అచ్చం భీమవ్వవే. నేనెవరో చెప్పాను. చేతనైనట్టు క్షమించమన్నాను. చాయ్ తాగుదాం రమ్మన్నాడు.

అతన్ని అడిగాను అత్తమ్మా. జీవితంలో మొదటిసారి, జవాబు తెలియకుండా. అమ్మ ఫొటో చూస్తే సిగ్గనిపించిందా అన్నాను. గ్లాసు పక్కన పెట్టి చెప్పాడు.

"ఫొటో మంచిగనే ఉంది అక్కా. మా షాపోళ్లు రోజు జూసి ఎవ్వలో బొంబాయి మోడలనుకుంటుండ్రి. పేరు లేదు గద దాని మీద. గామె మా అవ్వ అని నేను నోరు దెరిచి చెప్పలే. ఇయ్యాల చెప్తా, రేపు చెప్తా అనుకున్న, చెప్పలే. నా మీద నాకే సిగ్గయి ఇంటికి వోలే."

తల్లిని చూసి కాదు, తనను చూసి తాను సిగ్గుపడ్డాడు. నా మాటా విను. అంత పెద్ద ఫ్లెక్సీలో చినగదు, వెలవదు అని రాయించడానికి చోటుంది కానీ ఆమె పేరుకు చోటు లేదని నాకు తోచనే లేదు. అతను చెప్పేదాకా తోచలేదు. చాయ్ చల్లారిపోయింది, తాగలేకపోయాను.

ఇక రెండో సంగతి. నిన్న నేను వర్నికి వచ్చాను. మీ ఊరికి వచ్చి నీ గడప తొక్కకుండా వెళ్లానని కోప్పడకు. నీ ముందు కూర్చుంటే ఏడుస్తాను, ఏడుస్తూ చెబితే నీకు తప్పుగా వినబడుతుంది. అందుకే బస్సెక్కేసి ఇంటికొచ్చి రాస్తున్నాను.

భీమవ్వ గుంపు కాలువ అవతల యాసంగి నాటు వేస్తోంది. గట్టు మీద నిలబడ్డాను. ఆమె చూసి తల దించుకుని నాటుతూనే ఉంది. మధ్యాహ్నం సద్దులు విప్పేదాకా నిలబడ్డాను. అప్పుడు కూర్చోమంది, ముఖం చూడకుండానే. రంజిత్ సంగతి చెప్పబోయాను. వాడి మాట ఎత్తవద్దన్నది, ఎత్తలేదు. అది నువ్వే ఆమెకు చెప్పాలి.

నా అంగి ఎందుకు వేసుకోలేదని అడిగాను. గుండీలు ఎడమవైపు ఉన్నాయనా, రంగు నచ్చలేదా, జేబు లేదనా అని వరుసగా అడుగుతుంటే చేయెత్తి ఆపింది. ఆమె చెప్పిన మాట ఒక్క అక్షరం పోకుండా రాస్తున్నాను.

"పాత అంగి ఏస్కున్ననుకో, ఇయ్యాల్టి పనికి ఏస్కున్నట్టు. మాపటికి ఇడిశి దండెం మీదేస్త, పని ఒడిశినట్టే. గీ పనికోసమని కొత్తంగి కుట్టించుకుంటే, సచ్చేదాంక బురదల్నే ఉంటనని నాకు నేనే ఒప్పుకున్నట్టు గాదా బిడ్డా?"

పక్కనున్న ఆడవాళ్లు ఎవరూ నవ్వలేదు. బోధన్‌లో నా స్టాలు దగ్గర ముఖాలు చూసుకుని నవ్వుకున్నవాళ్లంతా నాకు గుర్తొచ్చారు. వాళ్లకు తెలివి లేదని నీకు రాశాను. వాళ్లు చెప్పలేక నవ్వారు. నేను అడగలేక మడత పెట్టుకున్నాను.

అప్పుడు నాకు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. అడగడానికి ఒక్కటే మిగిలింది. పెద్దమ్మా, నీకేం కావాలి అన్నాను. అంగి గురించి కాదు, ఉత్తగానే అన్నాను. ఆమె నన్ను అదోలా చూసింది. సద్దిగిన్నె కడుక్కుని మడిలోకి దిగిపోయింది. ఇంకా కోపం పోలేదని అర్థమైంది. అది ఆమె హక్కు.

బ్రాండ్ ఆపేశాను. మూశానని చెప్పను, ఆపాను. సవిత బడి పిల్లల యూనిఫాంలు కుడుతోంది, నేను కాజాలు తీస్తున్నాను. మిగిలిన అంగీలు ఇంకా ఇంట్లోనే ఉన్నాయి. బాపు ఒకటి విప్పి చూసి కుట్టు బాగుందన్నాడు. అదే చాలు.

నీ భీమవ్వను నీకు తిరిగి తెచ్చివ్వలేకపోయాను. అది రాయడానికే ఇన్ని రోజులు పట్టింది.

సింధూజ


వర్ని
జనవరి 19, 2025

చిరంజీవి సింధూజకు,

గడప తొక్కకుండా వెళ్లినందుకు కోపం వచ్చింది, ఉత్తరం చదివాక పోయింది. ఇంకోసారి ఏడ్చినా సరే లోపలికి రా. తప్పుగా వినబడితే మళ్లీ ఏడువు.

ఉత్తరం అందిన రోజే కర్ర పట్టుకుని భీమవ్వ ఇంటికి నడిచాను. డాక్టర్ మాటే విన్నాను, కాంపౌండర్ మాట కాదు. తలుపు తీసింది, కూర్చోమనలేదు. నేనే కూర్చున్నాను. రంజిత్ చెప్పినదంతా నీ ఉత్తరంలోంచి చదివి వినిపించాను. నా గొంతు ఎంత పెద్దగా లేచిందో నాకు తెలియదు కదా, వాడకట్టు మొత్తం విన్నదట. పేరు లేదు గద అన్న చోట ఆమె కూలబడిపోయింది. నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇద్దరు ముసలివాళ్లం ఏడుస్తుంటే పొయ్యి మీద పప్పు మాడిపోయింది.

ఆ తరువాతి ఆదివారం రంజిత్ వచ్చాడు. దుకాణంలో తనతో పనిచేసే ఇద్దరిని కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. మా అవ్వ భీమవ్వ అని పేరు పెట్టి చెప్పాడట. మాడిన పప్పు కాదులే, ఆ రోజు కోడిని కోసింది.

అయినా మా ఇంటికి మాత్రం రాలేదు. ఎందుకు రావడం లేదో నాకు అంతు పట్టలేదు. కోపం పోయింది, కొడుకు వచ్చాడు, మరి ఇంకేముంది అని రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని అదే ఆలోచన. నువ్వేమో ఆమెకు నీ మీద కోపమని రాశావు. నేనూ అదేననుకున్నాను.

నిన్న సాయంత్రం వచ్చింది. అరుగెక్కి నా పక్కన తన చోట్లో కూర్చుంది. ఇన్ని రోజులు ఎందుకు రాలేదని అడిగాను. నీ ప్రశ్నకు జవాబు దొరకక రాలేదట. జవాబు లేకుండా వస్తే బాగుండదనుకుందట. నీకు ఉత్తరం రాయమంది, తను చెబుతానంది. కాగితం తెచ్చి కూర్చున్నాను. తరువాత నా చెవి దగ్గరికి వచ్చి ఈ మాటలు చెప్పింది. చేతులతో చెప్పలేదు, నోటితోనే చెప్పింది.

"ఇన్నేండ్లల్ల నీకేం గావాలె అని నన్ను ఎవ్వలు అడుగలే అక్కా. గందుకే జల్ది చెప్పరాలే. ఆలోచన జేస్తున్న. ఆగుమని రాయి."

రాశాను. ఆగు.

అత్త